మేనత్త సొమ్ము, అన్న ఒడిబియ్యం

జూన్ 3, మంగళవారం

మిర్యాలగూడలో మేనత్త ఇల్లు ఇవాళ నా సంతకంతో వేరేవాళ్ళది అయింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా పేరు పక్కన ఏం రాయాలని గుమస్తా అడిగాడు. యజమానినా? కాదు. వారసురాలినా? కాదు. లాయరు గారే చెప్పారు — "వీలునామా నడిపించే మనిషి. ఎగ్జిక్యూటర్ అని రాయి."

తాళంచెవులు ఇచ్చేటప్పుడు కొన్నవాళ్ళ ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఇంట్ల ఎవ్వలన్న పోయిండ్రా బిడ్డా?" "లేదమ్మా, దవాఖానల పోయింది" అన్నాను. ఆమె ముఖం తేటపడింది. నాకు మాత్రం ఆ కిటికీ పక్క మంచం, దాని మీద దవాఖానకు పోకముందటి అత్త...

చెక్కు తీసుకెళ్ళి విడిగా తెరిచిన ఖాతాలో వేశాను. లాయరు గారి మాట మళ్ళీ రాసుకుంటున్నాను, మరిచిపోకుండా — "మీ పేరున ఉంటదమ్మా, కాని మీది కాదు. ముందుగాల అప్పులు. ఎనుక పన్ను. గా ఎనుకనే పంపకం. ఈ వరుస తప్పినవంటె నీ ఇంట్లకెల్లి కట్టుకోవాలె."

మిగిలినదానిలో సగం కోదాడలో మా అన్నకు. సగం స్వరూపకు — అత్త మరిది కూతురు, చివరి రెండేళ్ళు అత్తను చూసుకున్నది. ఇల్లయినా బంగారమైనా ఇదే వాటా. నాకు ఏమీ లేదు. రాయించిన రోజే అత్త చెప్పింది. "నీకు ఏం రాస్తలేను కోడలా. రాస్తే నీ చెయ్యి వణుకుతది."

జూన్ 4

నా బస్సు ఛార్జీలు ఆ ఖాతాలోంచి తీసుకోవచ్చు అన్నారు. తీసుకోలేదు.

జూన్ 6

అత్త వస్తువుల పట్టిక మళ్ళీ మొదటి నుంచి సరిచూశాను. ఇత్తడి బిందెలు, కుట్టుమిషను, వెండి కుంకుమ భరిణె, గాజులు — అన్నీ ఉన్నాయి, మా ఇంట్లో, చిన్నవి నా బీరువాలో, మూటకో చీటీ. రెండు పేటల గొలుసు లేదు.

దవాఖానలో చేరిన రోజు కూడా అత్త మెడలో ఉంది ఆ గొలుసు. లోపలికి తీసుకుపోయేముందు నర్సు తీయమందట. అప్పుడక్కడ స్వరూప ఉంది. అన్నా వదినా ఉన్నారు. నేను లేను. సూర్యాపేట నుంచి నేను చేరేసరికి అత్త మెడ బోసిగా ఉంది. ఆ సమయంలో గొలుసు గురించి ఎవరు అడుగుతారు? అడగలేదు. ఇప్పుడు పట్టికలో ఆ గడి ఖాళీ.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే అన్న ఫోను.

"చెల్లె, నా సగం ఎప్పుడేస్తవ్? దుకాణం మడిగెల స్లాబు ఆగింది గీడ. మేస్త్రీ రోజు మొఖం మీదికొస్తుండు."

అప్పులవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని పేపర్లో ప్రకటన వేయాలి, గడువు దాటాలి అన్నాను.

"పేపర్లేస్తవా! మా అత్తకు అప్పులున్నయని జిల్లంత సాటింపు ఏస్తవా? ఇజ్జత్ ఉంటదా మనకు?"

తర్వాత గొలుసు సంగతి తనే ఎత్తాడు. "స్వరూపనే తీసింది. ఇంకెవ్వరు తీస్తరు? దాని సగంలకెల్లి గొలుసు కిమ్మతు కొయ్యి, లెక్క సాఫ్."

వెనక నుంచి వదిన గొంతు. "మెత్తగా ఉంటే నెత్తినెక్కుతారు, చెప్పండి మీ చెల్లెలికి."

జూన్ 12

ప్రకటన వచ్చింది. మూలన, చిన్న అక్షరాలు. అత్త పేరు అచ్చులో మొదటిసారి చూశాను. ఆఖరుసారి కూడా.

జూన్ 17

అప్పులవాళ్ళు వస్తున్నారు. మందుల షాపు — బిల్లులున్నాయి, నిజమే, కట్టాను. పాలావిడ — అత్త గోడ మీద బొగ్గుతో గీసుకున్న గీతలు నేను ఇల్లు అమ్మకముందే ఫోటో తీశాను, సరిపోయింది, కట్టాను.

పెద్దవూర నుంచి ఒక ముసలాయన వచ్చాడు, భుజం మీద తువ్వాల, కాళ్ళకు ఎర్రమట్టి. "మీ మామ నాకు మేక బాకీ బిడ్డా. దేవునికి మొక్కు చేసుకున్నడు, మేకను తోలుకపోయిండు, పైసలియ్యలే." ఎప్పుడు అంటే, "నా పెండ్లప్పుడు". పక్కన ఉన్నది ఆయన మనవడు, వాడికీ మీసాలు వచ్చాయి. లాయరు గారు నవ్వకుండా చెప్పారు — "పెద్దాయనా, నీ మేకకు కాలదోషం పట్టింది." "మేకకు గాలి దోషం పట్టలే సారూ, మంచిగుండె" అని ముసలాయన గట్టిగా వాదించాడు.

ఇన్నాళ్ళకు నవ్వాను. వెళ్ళేటప్పుడు నా డబ్బుతో ఆయనకు బస్సు టికెట్టు. అది అత్త లెక్కలో రాయలేదు.

జూన్ 19

మా ఆయన రాత్రి అన్నం తింటూ తింటూ ఆగారు. ఎరువుల దుకాణంలో సరుకు దింపుకోవాలి, కంపెనీ అప్పు ఇవ్వడం లేదు, వానలు పడితే రైతులు మీద పడతారు. అన్నీ నాకు తెలిసినవే. ఎక్కడికి వస్తున్నారో అదీ తెలుసు.

"ఊకెనే పండవెట్టినవ్ గద పైసలు. మూన్నెల్లు తిప్పుకుంట. దసరకు వడ్డితోని ఏస్త."

అది నాది కాదన్నాను.

"నీదని నేనన్ననా? బ్యాంకుల పంటె అవి పిల్లలు వెడ్తయా?"

పెడతాయి, ఆ పిల్లలు కూడా వాళ్ళవే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

చెయ్యి కడుక్కుంటూ ఆయన — "నువ్వు నా ఇంట్ల ఉంటున్నవో, సచ్చినోళ్ల ఇంట్ల ఉంటున్నవో నాకైతే సమజయితలేదు."

జూన్ 20

టిఫిను కట్టి పంపితే డబ్బా అట్లాగే తిరిగి వచ్చింది.

జూన్ 24

లాయరు గారిని అడిగాను — నేను తప్పుకుంటే? అన్నకే అప్పజెబితే?

"ఇల్లు అమ్మకముందు అడిగితె వేరే ముచ్చట. ఇప్పుడు చెయ్యి పెట్టినవ్ కదమ్మా. పెట్టినంక తీసుడు నీ చేతుల లేదు. కోర్టుకు పోవాలె, వాళ్ళు ఒప్పుకోవాలె. గంతదాంక నువ్వే."

బయటికి వస్తే ఎండ. మెట్ల మీద కాసేపు నిలబడ్డాను, ఎటు పోవాలో తోచక. ఇంటికే, ఇంకెక్కడికి.

జూన్ 28

మిర్యాలగూడ. అడగాల్సినది అడగడానికే వెళ్ళాను.

స్వరూప కుట్టుషాపు రైసుమిల్లు గోడకు ఆనుకుని ఉంటుంది. షట్టరు సగం దించి కుడుతోంది, ఊక దుమ్ము బట్టల మీద పడుతుందని. నన్ను చూసి మిషను ఆపలేదు, ఆ కుట్టు చివరిదాకా వెళ్ళాకే ఆపింది.

చాయ్ తెప్పించింది. తాగాను. గ్లాసు కింద పెట్టాక అడిగాను — గొలుసు.

"ఉన్నదా అని అడుగుతున్నవా వదినా, నేను తీసినా అని అడుగుతున్నవా?"

నేను పట్టికలో రాయాలి కదా అన్నాను.

"నర్సు తీయమంటె నేనే తీసిన పెద్దమ్మ మెడలకెల్లి. మీ వదిన చేతుల పెట్టిన. అక్కా జర జాగ్రత్త అని కూడ అన్న. గంతే నాకు తెల్సింది."

కత్తెర తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. "అడుగు. అడిగేది నీ పని. నాకు కోపం లేదు. కాని బావను గూడ గిట్లనే, ఎదురుంగ కూసుండి అడిగినవా?"

అడగలేదని ఆమెకు తెలుసు. లేకపోతే ఇంతదూరం ముందు ఆమె దగ్గరికి ఎందుకు వస్తాను — కోదాడ మా ఊరికి ఇంతకంటే దగ్గరే కదా.

షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాను.

జూన్ 30

వదినకు ఫోను చేశాను. రెండు రింగులకే ఎత్తింది. "చెప్పు విజయా!" ఎంత ప్రేమగా. ఈ ఏడు మామిడికాయ తొక్కు ఎట్లా కుదిరిందని అడిగి పెట్టేశాను.

జూలై 9

వాన. ఆయన దుకాణానికి వడ్డీకి డబ్బు తెచ్చారు. ఎక్కడ తెచ్చారో చెప్పలేదు. నేను అడగలేదు. పక్కపక్కనే కూర్చుని టీవీ చూస్తాం.

జూలై 14

పన్ను కట్టాను. అప్పులు తీరాయి. ఇక మిగిలింది పంపకం, గొలుసు.

పంపకం లెక్క రెండు రకాలుగా రాసి చూశాను. ఒకటి సరిసగం. ఇంకొకటి స్వరూప సగంలో గొలుసు విలువ తీసేసి. రెండోది రాస్తుంటే అంకెలు చక్కగా వచ్చాయి. అదే భయం వేసింది. తప్పు లెక్క కూడా కూడితే సరిపోతుంది.

లాయరు గారు రెండో కాగితం పక్కన పెట్టారు. "రుజువేది? అనుమానం మీద ఒక్క రూపాయి కొయ్యరాదమ్మా."

అన్నకు చెప్పాను. సరిసగమే వస్తుందని. దానికి అన్న —

"ఆ ఇల్లు ఏం పెట్టి కొన్నరో నీకు యాదికి లేదా? చిలుకూరు పొలం. మన తాత అత్తకు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. పిల్లలు లేకుంట పోయిన ఆడబిడ్డ సొమ్ము పుట్టింటికి రావాలె. ఎవతికో పొయ్యేడిదా?"

వీలునామా ఉంది కదా అన్నాను.

"కాయితం నీకెక్కువ. అన్న నీకెక్కువ కాదు."

జూలై 15

రోజంతా ఆ మాటే. గిన్నెలు తోముతుంటే, పప్పు కడుగుతుంటే.

జూలై 27, ఆదివారం

శ్రావణం వచ్చింది. గేటు దగ్గర కారు ఆగింది. అన్న, వదిన. చెప్పకుండా. తగాదాకే వచ్చారనుకున్నాను.

వదిన కుంకుమ భరిణె తీసి నాకు బొట్టు పెట్టింది. "వచ్చే ఆదివారం నీకు ఒడిబియ్యం పోస్తున్నాం. మీ అమ్మగారు పోయాక మేము ఏనాడూ పోయలేదు. మా తప్పే."

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి ఎవరింట్లో ఒడిబియ్యమైనా నేను వెళ్ళి దోసిలి పోసి వస్తాను. నా ఒడి గురించి అన్నను నోరు తెరిచి అడగలేదు ఒక్కసారీ — అది అడిగి పోయించుకునేది కాదు.

అన్న లెక్క గురించి ఒక్క మాట అనలేదు. ఆయనకు బొట్టు పెట్టి, "బామ్మర్ది బట్టలు పెడ్తుండు, సైజు చెప్పు బావా" అని నవ్వించాడు. ఆయన నెలన్నర తర్వాత ఇంట్లో గట్టిగా నవ్వారు.

ఎందుకు పిలిచాడో నాకు తెలియదా. తెలుసు. అయినా వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రమ్మన్నందుకు.

ఆగస్టు 3, ఆదివారం

కోదాడ నుంచి ఇప్పుడే వచ్చాం.

పట్టుచీర కట్టించి పీట మీద కూర్చోబెట్టారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, రవికముక్కలు. కొంగు పరిచాను. అయిదుగురు ముత్తైదువలు వంతులవారీగా దోసిళ్ళు పోస్తున్నారు. పక్కింటావిడ ఒకామె — "నిండుగా పొయ్యండమ్మా, ఆడపడుచు నడుం ఎంత మోస్తుందో చూద్దాం." ఇంకొకామె — "లెక్కల మనిషి, గింజలు గూడ లెక్కవెడ్తది సూడు!" అందరూ నవ్వారు. నేనూ.

చివరి దోసిలి వదినది. చెయ్యి బియ్యంలోపలికి దించి, తీసి, కొంగు తనే మూట చుట్టి నా నడుముకు బిగించింది. మూట బిగించేముందే, పుట్టింటికి వదలాల్సిన మూడు దోసిళ్ళు పైపైనే తీసి వెనక్కి పోశాను. పుట్టిల్లు చల్లగా ఉండాలి, గాదె నిండుగా ఉండాలి — నోటితో కాదు, మనసుతోనే అన్నాను. ఎన్ని గొడవలున్నా ఆ మాట అబద్ధం కాదు.

గడప దాటుతుంటే అన్న పక్కకు వచ్చాడు. చిన్నగా. "స్వరూప సంగతి ఇగ నీ మీద వదిలిన. నీకే ఎర్కైతది."

మునగాల దగ్గర ఆయన ధాబాలో చాయ్‌కు ఆపారు. ఒడి కట్టుకున్నాక దారిలో దిగకూడదు, విప్పకూడదు. అద్దం దించి కారులోనే కూర్చున్నాను. లారీలు పోతున్నాయి, కారు ఊగుతోంది. తొడల మీద ఆ బరువు. అటు కదల్లేను, ఇటు కదల్లేను. ఆయన రెండో చాయ్ చెప్పారు. ఈ రెండు నెలలు ఎట్లా గడిచాయని ఎవరన్నా అడిగితే ఇదే చూపిస్తాను.

ఇంటికొచ్చి దేవుడి ముందు విప్పాను. బియ్యంలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. వెండి నాణెమనుకున్నాను.

అత్త గొలుసు.

మెరుగు పెట్టించారు. తళతళలాడుతోంది. కాని కొక్కెం దగ్గర తెగితే మిర్యాలగూడ కంసాలి అతికినచోట ఎర్రగా ఉంటుంది, నేనే చేయించుకొచ్చాను. అక్కడ ఇంకా ఎర్రగానే ఉంది.

ఆగస్టు 4

ఏమీ వండాలనిపించలేదు. పెరుగన్నం.

ఆగస్టు 5

అన్నే ఫోను చేశాడు.

"సూసుకున్నవా?"

ఇది అత్త గొలుసు అన్నాను.

"అత్తకెవ్వరు పెట్టిండ్రు? మన నాయనమ్మ. మన ఇంటి గొలుసు మన ఆడబిడ్డ ఒడిలకొచ్చింది. ఇందుల తప్పేంది?"

స్వరూప తీసిందని అన్నావు కదన్నా. నన్ను ఆమె షాపుకు పోయి అడిగేదాకా...

"నిన్ను పొమ్మని నేనన్ననా? అత్త నాకు దవాఖానల చెప్పింది — విజయకియ్యి అని."

చెప్పిందేమో. అన్నిసార్లు ఫోను చేసినవాడు ఆ మాట ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అనలేదు. చనిపోయినవాళ్ళ నోట్లో ఏ మాటైనా పెట్టవచ్చు, వాళ్ళు కాదనరు.

లెక్కలో రాయాల్సిందే అన్నాను. నేను తిరిగి తెస్తా, నువ్వే నీ చేత్తో లాయరుకు ఇవ్వు, ఎవరినీ ఏమీ అడగరు అన్నాను. బతిమాలాను నిజానికి.

"ఒడిల పోసింది వాపస్ తెస్తవా? పుట్టింటికి? తే. తెచ్చి గడప మీద పెట్టి సూడు. ఇగ ఆ గడప నీది కాదు."

పెట్టేశాడు.

ఆగస్టు 6

ఒడిబియ్యం తిరిగి ఇవ్వడమంటే పుట్టింటికి ఉసురు పెట్టడమే. అన్నకు తెలుసు. అందుకే చేతికి ఇవ్వలేదు. పోస్టులో పంపలేదు. ఒడిలో పోయించాడు.

ఇంత ఆలోచన తనదేనా, వదినదా. ఎవరిదైతే ఏం. నా నడుముకే కట్టారు.

ఆగస్టు 8

లాయరు గారికి ఊరికే అడిగినట్టు అడిగాను. పోయిందనుకున్న వస్తువు దొరికితే?

"పట్టికల ఎక్కించాలె. ఎక్కడ దొరికిందో, ఎవరి దగ్గర దొరికిందో రాయాలె. ఇద్దరికీ చెప్పాలె."

చెప్పకపోతే?

కళ్ళజోడు మీద నుంచి చూశారు. "అప్పుడు దాసుకున్నది నువ్వయితవమ్మా."

ఆగస్టు 10

ఆయనకు కనిపించనే కనిపించింది. బీరువాలో వేరే ఏదో వెతుకుతూ. అరచేతిలో బరువు చూశారు.

"బావ నీకు పెట్టిండు. పెట్టినోనికి లేని బాధ నీకెందుకు? గోల్డ్ లోన్‌ల పెడితె తెచ్చిన వడ్డి పైసలు ఇయ్యాలనే కట్టేస్త. దసర ఎనుక ఇడిపిస్త. మెడల ఏసుకుంటె ఏసుకో. ఎవ్వడు అడుగుతడు?"

స్వరూప అడుగుతుంది.

"దానికి తెల్వదు గద!"

అక్కడే ఉంది అసలు విషయం. ఆమెకు తెలియదు. తెలిసే దారి నేనొక్కదాన్నే. నేను నోరు మూసుకుంటే అన్న అన్న, ఆయన ఆయన, పుట్టిల్లు పుట్టిల్లు. అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. మిర్యాలగూడలో ఒక ఆడమనిషి మాత్రం పెద్దమ్మ గొలుసు తీసినది అయి ఉంటుంది, ఎప్పటికీ. నేను ఎదురుగా కూర్చుని అడిగినదాన్ని కూడా.

ఆయన చేతిలోంచి తీసుకున్నాను. లాగాల్సి రాలేదు. వదిలేశారు. అదే నాకు ఎక్కువ నొప్పి.

ఆగస్టు 12

పక్కింటి యాదమ్మ గోడ మీద నుంచి — "ఒడిబియ్యం ఎన్నడు వండుతవ్ విజయా? పురుగులకు పెడ్తవా మాకు పెడ్తవా?"

పసుపు కలిపినవాటికి పురుగు పట్టదులే యాదమ్మక్కా అన్నాను. "నీ లెక్క నీకుంటది" అని నవ్వి పోయింది.

ఆ బియ్యం పదిమందికీ వండి పెట్టాలి. శ్రావణం దాటకూడదు.

ఆగస్టు 14

పట్టికలో గొలుసు వరుస తెరిచి కూర్చున్నాను. "దొరికింది" అని రాశాను. "ఎక్కడ" అన్న గడి దగ్గర ఆగిపోయాను.

ఇంట్లో — అబద్ధం కాదు. నా బీరువాలో — అదీ అబద్ధం కాదు. ఇన్నేళ్ళు ఇంటి లెక్క చిల్లర కూడా తేడా రాకుండా రాసిన చేయి, ఒక్క గడి నింపలేక...

పాలు పొంగిపోయాయి.

ఆగస్టు 15

రాశాను. "మా అన్న వదిన పోసిన ఒడిబియ్యంలో." పెన్నుతోనే.

ఇంకా ఎవరికీ చూపించలేదు.

ఆగస్టు 16

స్వరూపకు ఫోను చేశాను. రేపు ఒడిబియ్యం వండుతున్నా, భోజనానికి రా అన్నాను.

"నన్నా? బావ పోసిన బియ్యం తిననీకా?" వెనక మిషను నడుస్తూనే ఉంది. "ఏం వదినా, మళ్ళేమన్న అడుగుతవా?"

లేదు. ఈసారి చెప్పేది ఉంది అన్నాను.

మిషను ఆగింది. "వస్త. నా బస్సు కిరాయి మాత్రం పెద్దమ్మ లెక్కల రాయకు."

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున అయిదుకే పొయ్యి మీద ఎసరు. పరమాన్నం, పులిహోర, పప్పు, వంకాయ. యాదమ్మ వచ్చి కొబ్బరి తురిమి వెళ్ళింది, స్నానం చేసి వస్తానని.

తొమ్మిదింటికి ఆయన, పేపరు చూస్తూ చూస్తూ — "బావను గూడ రమ్మన్న. బట్టలు పెట్టిండు, పిలవకుంటె బాగుంటదా? మీ వదినను తీస్కొని బయలెల్లిండట."

స్వరూప వస్తోందని ఆయనకు చెప్పలేదు. ఆయన అన్న వస్తున్నాడని నాకు చెప్పలేదు. ఇన్నాళ్ళ మౌనానికి ఇదీ ఫలితం. ఒకే గదిలో, ఒకే వరుసలో విస్తళ్ళు.

స్వరూప మళ్ళీ ఫోను — కొత్త బస్టాండులో దిగింది, ఆటో మాట్లాడుతోంది. ఆయన ఫోనుకు అన్న — మునగాల దాటారు.

వండకుండా ఒక పిడికెడు బియ్యం ఉంచాను. దేవుడి ముందు పళ్ళెంలో పోసి, పైన గొలుసు పెట్టాను. వచ్చినవాళ్ళు ముందు దండం పెట్టుకోవడానికి అక్కడికే వస్తారు. పళ్ళెం పక్కన పట్టిక, ఆ పేజీ తెరిచి.

ఇంకా తీసేయవచ్చు. నాలుగు అడుగులు. తీసి బీరువాలో పెట్టి, తాళం వేసి, నవ్వుతూ వడ్డించవచ్చు. అమ్మ పోయాక తొమ్మిదేళ్ళకు తెరిచిన గడప ఇవాళ మూసుకోకుండా ఆపవచ్చు. ఆయన పేపరు మడిచి లేచారు, దేవుడి గదివైపు చూశారు, నా వైపు చూశారు. విస్తళ్ళు తుడవడానికి కూర్చున్నారు.

అన్నం వార్చాలి.

గేటు గడియ చప్పుడు. ఎవరో తెలియదు. చెప్పులు విప్పుతున్నారు.

అత్త నాకేమీ రాయలేదు. అయినా చెయ్యి వణుకుతోంది.